జీర్ణరథోద్ధారం: టీకా, తాత్పర్యం

చిన్న దంతచక్రముగల జీర్ణరథము
నకును దమ్ముని గర్భపు నాభి దెచ్చి
యిరుసు దండంబుతోడనే యెత్తి బిగుచు
వాని మలుపున సురలైన వంచగలరె!

అవతారిక: పద్యం నాదే, టీకా నాదే. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మెదకు సీమ కోలాచలం మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన చేతికొచ్చింది కాళిదాసు గనక ఆ నియమం చెల్లింది. నా చేతికొచ్చింది గ్రీజు అంటిన డిఫరెన్షియల్. మూలంలో లేనిదే ఎక్కువగా చెప్పాల్సి వస్తుంది. మన్నించాలి.

ప్రతిపదార్థం: చిన్న దంతచక్రముగల = డిఫరెన్షియల్ లోపల ఆరంగుళాల పళ్లచక్రం (క్రౌన్ వీలు) ఉన్నట్టి; జీర్ణరథమునకును = 1989లో పుట్టిన 1.6 లీటర్ల మాజ్దా మియాటా కారుకు; తమ్ముని = 1994 మోడల్‌తో మొదలైన 1.8 లీటర్ల బండియొక్క; గర్భపు నాభి = వెనకవైపు డిఫరెన్షియల్‌ను; తెచ్చి = పాతబండ్ల యార్డులో బేరమాడి తెచ్చి; ఇరుసు = రెండు యాక్సిల్ షాఫ్టులు; దండంబుతోడనే = ప్రొపెల్లర్ షాఫ్టు, వీటన్నిటితో కలిపే; ఎత్తి = జాకీ మీద ఎత్తి; బిగుచు వానిని = బోల్టులు బిగించేవాణ్ని; మలుపునన్ = వంపు తిరిగేచోట; సురలైనన్ = దేవతలైనా; వంచగలరె = లొంగదీయగలరా? లేరని భావం.

ఛందస్సు తేటగీతి. కందం ఎందుకు రాయలేదంటే, కందానికి ప్రాస కుదరాలి. ఈ పనిలో బోల్టు కన్నాలు కుదరడమే ప్రాస, అది కుదిరాక ఇంకో ప్రాస కోసం వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

నాయకుడి పరిచయం: హిరోషిమాలో తయారై, 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో లోకానికి మొహం చూపించిన రెండు సీట్ల చిన్న కారు ఇది. ఇంజన్ ముందు, తోపు వెనక చక్రాలకు. అమెరికాలో అమ్మిన 1.6 లీటర్ల బండికి 116 గుర్రాల బలం, 1.8 వచ్చాక 128. మాజ్దా అంటే మనవాళ్లకు గుర్తొచ్చేది స్వరాజ్ మాజ్దా వ్యాను గనక ఇంత చెప్పాల్సి వచ్చింది. ఆ వ్యానుకూ ఈ రథానికీ పేరొక్కటే చుట్టరికం.

'గర్భపు నాభి' దగ్గర వ్యాఖ్యాత కాస్త కూర్చోవాలి. మలుపులో లోపలి చక్రం తక్కువ నడుస్తుంది, వెలుపలి చక్రం ఎక్కువ నడుస్తుంది. మియాటా వెనక చక్రాల మధ్య ఎడం సుమారు 1.42 మీటర్లు. గుడిచుట్టూ ఒక పూర్తి ప్రదక్షిణం చేయించారనుకోండి, వెలుపలి చక్రం దాదాపు 9 మీటర్లు అదనంగా నడవాలి. గుడి తిరుమల ఆలయమంత ఉన్నా ఊరి చివరి ఆంజనేయస్వామి గుడంత ఉన్నా ఆ తేడా మారదు. నమ్మకపోతే వ్యాసార్థం తీసుకుని లెక్క కట్టి చూడండి. రెంటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే టైర్లు అరిగిపోతాయి కాబట్టి, ఫ్రాన్సులో ఆవిరి బండి కోసం పెక్కర్ అనే గడియారాల పనివాడు డిఫరెన్షియల్ కనిపెట్టాడు. ఇంజన్ తిప్పుబలం దాని గుండా వెళ్లి రెండు చక్రాలకూ సమంగా పంచుకుపోతుంది, వేగాలు మాత్రం ఎవరివి వాళ్లవి.

ఆ సమానత్వంలోనే చిక్కు ఉంది. బండి జోరుగా మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తేలికపడి పట్టు కోల్పోతుంది. దానికి ఎంత తక్కువ బలం చాలుతుందో, పట్టు ఉన్న వెలుపలి చక్రానికీ అంతే దక్కుతుంది. ఇంజన్ అరుస్తుంది, లోపలి టైరు పొగ కక్కుతుంది, బండి ముందుకు పోదు. 'సురలైన వంచగలరె' అని కవి సవాలు విసిరింది ఈ అవమానం గురించే.

పాత బండికి మందు లేకపోలేదు. కొన్నింటిలో విస్కస్ లిమిటెడ్ స్లిప్ వచ్చేది. చిక్కటి సిలికాన్ ద్రవంలో పలకలు తిరుగుతాయి, రెండు చక్రాల వేగాల్లో తేడా పెరిగాకగానీ ద్రవం పలకల్ని పట్టుకోదు. దొంగ పారిపోయాక వచ్చిన పోలీసుల్లాంటి వ్యవస్థ. పైగా ఏళ్లు గడిచేకొద్దీ ఆ ద్రవం నీరసిస్తుంది. ఇక ఆరంగుళాల క్రౌన్ వీలు, ఇంజన్‌కు టర్బో తగిలించినవాళ్ల దెబ్బలకు తట్టుకోదు. తమ్ముడి బండికి ఏడంగుళాల క్రౌన్ వీలు పెట్టారు. కొన్నింటిలో టోర్సెన్ కూడా వచ్చింది.

టోర్సెన్ 1958లో వెర్నన్ గ్లీజ్‌మన్ అనే అమెరికన్ పేటెంట్ పొందిన పద్ధతి. ద్రవం లేదు, మరచుట్టు (వర్మ్) గేర్లే. పట్టు తక్కువున్న చక్రం ఎంత మోయగలదో దానికి కొన్ని రెట్లు పట్టున్న చక్రానికి ఇస్తుంది, అదీ జారుడు మొదలయ్యేదాకా ఆగకుండా.

శంక: ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే?

సమాధానం: సున్నాకు ఎన్ని రెట్లు వేసినా సున్నాయే. ఇక్కడ టోర్సెన్ కూడా ఓపెన్ డిఫరెన్షియల్ లాగే చేతులెత్తేస్తుంది. అప్పుడు హ్యాండ్‌బ్రేకు కొద్దిగా లాగితే, గాల్లో ఉన్న చక్రానికి కాస్త నిరోధం పుట్టి, రెండోదానికి దాని రెట్లు అందుతాయి. కవి ఈ ఉపాయం చెప్పలేదు. తేటగీతిలో పట్టి ఉండదు.

పాఠాంతరం: 'దమ్ముని' అన్నది సరళాదేశమేననీ, మూలం 'తమ్ముని' అనీ పండితులంటారు. టర్బో వాళ్లు మాత్రం 'దమ్మున్నవాడి' అనే చదువుతున్నారు. వ్యాకరణం ఒప్పదు, అర్థం ఒప్పుతుంది.

'ఇరుసు దండంబుతోడనే': పద్యానికి ప్రాణం ఈ ఏకారం. కొత్తవాళ్లు డిఫరెన్షియల్ ఒక్కటే కొనుక్కొచ్చి గరాజ్‌లో పరిచి కూర్చుంటారు. దాని ముందు మొహం పెద్దది, పాత ప్రొపెల్లర్ షాఫ్టు దానికి అతకదు. పాత యాక్సిళ్లు లోపలికి ఎక్కవు. అదృష్టవశాత్తు 1.8 యాక్సిల్ వెలుపలి కొన పాత హబ్‌లోకి చక్కగా దూరుతుంది, కనుక హబ్బులు కదిలించనక్కరలేదు. గేర్‌బాక్సునూ డిఫరెన్షియల్‌నూ కలిపి పట్టే పొడుగాటి అల్యూమినియం దూలం, దాన్ని పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అంటారు, అది కూడా పాతదే సరిపోతుంది. కానీ తిరిగి బిగించేటప్పుడు వంకర పోయిందా, గేర్ రాడ్ పక్కకు జరిగి వణుకు పుడుతుంది. విప్పకముందే ఎక్కడ ఎంత ఎత్తు ఉందో కొలిచి రాసుకోవాలి. పని అంతా అయ్యాక జీఎల్-5 గేరు ఆయిల్ సుమారు లీటరు పోయడం మరవకూడదు. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

ఇప్పుడు కవి దాచిన సంగతి. పాత బండి నిష్పత్తి 4.30. అంటే ప్రొపెల్లర్ షాఫ్టు 4.30 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 1994–97 తమ్ముడిది 4.10. చూడ్డానికి చిన్న తేడా. ఫలితం రెండు రకాలు. ఒకటి, ఇంజన్ అదే వేగానికి దాదాపు నూటికి అయిదు తక్కువ తిరుగుతుంది. హైవే మీద హాయి, మలుపులోంచి లేచేటప్పుడు కొంచెం బద్ధకం. రెండోది అసలు వినోదం. ఈ బండి స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్సు నుంచి కొలత తీసుకుంటుంది. డిఫరెన్షియల్ మారిన సంగతి దానికి ఎవరూ చెప్పరు. అమెరికా హైవే మీద నిజంగా 65 మైళ్లలో పోతుంటే మీటరు 62 చూపిస్తుంది. అదుపులోనే ఉన్నానని యజమాని, లేడని పోలీసు! ఓడోమీటర్ కూడా అంతే, వెయ్యి మైళ్లు నడిస్తే 953 రాసుకుంటుంది. బండి వయసు తగ్గిందని అమ్మేవాడు సంతోషించవచ్చు. కొనేవాడికి టీకా కావాలి. గేర్‌బాక్సులో స్పీడోమీటర్‌ను తిప్పే చిన్న ప్లాస్టిక్ గేరు మారిస్తే లెక్క కుదురుతుంది.

ఇక్కడ వ్యాఖ్యాతలు రెండు శాఖలుగా చీలారు. 1994–97 టోర్సెనే ప్రమాణమని ఒకరు. రెండో తరం బండి, అంటే 1999 మోడల్ మొదలుకొని వచ్చినదాని డిఫరెన్షియల్ తీసుకోవాలని ఇంకొకరు. నేను రెండోవాళ్ల పక్షం. రెండో తరం బండిదీ ఏడంగుళాలే, కొన్నిట్లో టోర్సెనూ ఉంది, అయిదు గేర్ల బండిలో నిష్పత్తి మళ్లీ 4.30. పెద్దన్న, అంటే 1.6 బండి, మొదట్నుంచీ వాడుతున్న అంకె అదే గనక మీటరు అబద్ధమాడదు, బండి చురుకూ తగ్గదు. అదే రెండో తరంలో ఆరు గేర్ల అమెరికన్ బండిది తెచ్చారా, అక్కడ 3.909. మీటరు నూటికి తొమ్మిది పాళ్లు తక్కువ చూపిస్తుంది, పాత అయిదు గేర్లతో బండి సోమరిగా కదులుతుంది. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

తాత్పర్యం: 1.6 మియాటాకు పెద్ద డిఫరెన్షియల్ వేసుకోవచ్చు, వేసుకోవాలి కూడా, బండిని మలుపుల్లో తోలేవాడైతే. ఆదివారం కూరగాయలకు పోయేవాడికి పాతదే చాలు.

బేరానికి పోయేవాళ్లకు ఒక మాట. బండిలోంచి విప్పకముందు చూసే వీలుంటే వెనక చక్రాలు రెండూ లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒకటి చేత్తో తిప్పండి. రెండోది తేలిగ్గా ఎదురు దిక్కున తిరిగిందంటే అది ఓపెన్ కావచ్చు. టోర్సెన్ ధర ఇవ్వకండి. నిష్పత్తి ఎంతో అడిగి ఊరుకోకుండా చక్రాలు రెండూ కలిపి ఒకే దిక్కున ఒక చుట్టు తిప్పి షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకోండి. ఇరుసులూ దండమూ వేరే ఇస్తాను, నాభి ముందు పట్టుకుపొమ్మని యార్డువాడు అంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి.