ఖేడు–బీదరు ప్రయాణ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

ఖేడు దాటకుండ వేడి చాయొక్కటి
బీదరెంత దూర మేది దారి
పటము కంటె మామ పలికినదే రూటు
పోదుమనగ పొద్దు పోయెఁ దుదకు

అవతారిక: ఆదివారం నాడు నారాయణఖేడ్ నుండి బీదర్ కోట చూడ సంకల్పించిన ఒక కుటుంబాన్ని గూర్చి అజ్ఞాతకవి చెప్పిన పద్యమిది.

టీక: ఖేడు దాటకుండ = ఊరి పొలిమేర దాటక మునుపే; వేడి చాయొక్కటి = ఒక్కటేనని మొదలై రెండోదానికి దారితీసే చాయ; బీదరెంత దూరము, ఏది దారి = అని వెనుక సీటువారు అడుగగా; పటము కంటె = ఫోనులోని మ్యాపు కంటె; మామ పలికినదే = ముందు సీటులోని మామ నోటిమాటయే; రూటు = ప్రమాణమగు మార్గము; పోదుమనగ = "ఇగ పోదాం" అనుచుండగానే; తుదకు = చివరికి; పొద్దు పోయె = సాయంకాలమాయెను.

తాత్పర్యం: చాయ తాగుతూ, దారి గురించి వాదులాడుతూ, కారు కదలకుండానే యాత్ర ముగిసిందని భావం.

విశేషాలు:

1. మామ మాటకు ప్రామాణ్యమెక్కడిదని పూర్వపక్షం. సమాధానం: 1956 నవంబరు 1కి ముందు నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలోనిది. రాష్ట్రాల పునర్విభజనలో తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు, బీదర్ పట్నం మైసూరు రాష్ట్రానికి పోయాయి. ఖేడ్ మెదక్ జిల్లాలో చేరి, 2016లో సంగారెడ్డి జిల్లాకు మారింది. కనుక మామ తండ్రి ఈ తోవన షికారుకు పోలేదు, జిల్లా కచ్చేరీకి పోయాడు. తండ్రి చెప్పగా విన్న దారి శబ్దప్రమాణం. మ్యాపుది ప్రత్యక్ష ప్రమాణమే, సిగ్నల్ ఉన్నంతవరకు.

2. ఖేడ్‌కూ బీదర్‌కూ నడుమ మంజీర నది ఉంది, దాటక తప్పదు. కవి దాని ఊసెత్తకపోవడం దోషమని కొందరంటారు. అది అపార్థం. చాయ బండి దాటనివారికి నదితో పనేమి? ఇది ధ్వని.

3. బహమనీ సుల్తాను అహ్మద్ షా 15వ శతాబ్దంలో గుల్బర్గా నుండి రాజధానినే బీదర్‌కు తరలించాడు. మన మామ ఒక్క కారును తరలించలేకపోయాడు. కవి హాస్యమంతా ఇక్కడే.

ఫలశ్రుతి: ఈ పద్యం చదివినవారు చాయ ఫ్లాస్కులో పోసుకొని పొద్దున్నే బయలుదేరవలెను. కోటను, 1472 నాటి మహమూద్ గవాన్ మదరసాను చూచి, మన తాతలు కాయితాల పనికి తిరిగిన జిల్లా పట్నం ఇదేనని పిల్లలకు చెప్పవలెను. ఆ సంగతి కోటగోడ మీద రాసి ఉండదు, మామే చెప్పాలి. అందుకే ముందు సీటు ఆయనదే.