ఇంటి మనిషికి సెలవెందుకు?

కోదాడ బజార్లో నాలుగు షాపులు తిరిగితే మూడు చోట్ల ఒకటే మాట వినబడుతుంది. "మా దగ్గర పనిచేసేటోళ్ళు పనోళ్ళు కాదు సార్, మా ఇంటి మనుషులు." ఎంత కమ్మగా ఉంది! నడిగూడెం నుంచో, కరివిరాల నుంచో, సిరిపురం నుంచో తెల్లారేసరికి వంట చేసి, బాసాన్లు తోమి, టిఫిన్ బాక్సుతో ఆటోలో ఇరుక్కుని వచ్చే ఆడపిల్లకి ఆ ఇల్లు కాక ఇది ఇంకో ఇల్లన్నమాట. ఒక రకంగా సేటు చెప్పేది నిజమే. మన ఇళ్ళలో ఆడవాళ్ళకి జీతం, సెలవు ఎప్పుడిచ్చాం గనక?

ఇంటి మనిషే అయితే రేషన్ కార్డులో పేరెక్కించాలి, ఆస్తి పంపకాలప్పుడు పిలవాలి కదా అని అడగబోకండి. చుట్టరికం షట్టర్ ఎత్తినప్పుడు మొదలై షట్టర్ దించగానే అయిపోతుంది. పైగా అందరికీ వర్తించదు. షాపు ఓపెనింగుకి రిబ్బన్ కత్తిరించడానికి హైదరాబాద్ నుంచి హీరోయిన్ వస్తుంది చూడండి, ఆవిడతో "నువ్వు మా బిడ్డలాంటిదానివమ్మా, ఎంతో కొంత తీసుకో" అని ఇంతవరకు ఏ ఓనరూ అన్నట్టు వినలేదు. ఆవిడకి అడ్వాన్సు ముందే పంపుతారు.

మన రాష్ట్రంలో 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఒకటుంది. వారానికి ఒక పూర్తి రోజు సెలవు. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్ళకి జీతంతో 15 రోజులు. జబ్బు చేస్తే 12, సొంత పనికి ఇంకో 12, ఇవీ జీతంతోనే. ఇది విన్న సేటు ముఖం ఎలా ఉంటుందో చూడాలంటే కౌంటర్ దగ్గర నిలబడి పైకి చదవండి. అక్కడ సెలవు చట్టాన్ని బట్టి రాదు, చావును బట్టి వస్తుంది.

"ఎవరు పోయిన్రు?"

"మా అమ్మమ్మ సార్."

"తల్లి తల్లా? అయితే మట్టి కాంగనే వచ్చెయ్. పొద్దుమీకి పెళ్ళి బేరం ఉంది."

రాకపోతే ఒక రోజుకి రెండు రోజుల కోత. రాని రోజుకి మాత్రమే కోయాలి, అంతకు మించి కోయకూడదని చట్టంలో ఉంది. కానీ ఇంటి పెద్ద వేసే శిక్షకి చట్టం అడ్డమొస్తుందా?

అన్నిటికన్నా చూడముచ్చటైనది పంద్రాగస్టు. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2, ఈ నాలుగూ జీతంతో సెలవులని రాష్ట్రంలో 1974 నుంచీ చట్టముంది. ఆ రోజు పని చేయించుకుంటే రెట్టింపు కూలి ఇవ్వాలి, లేదా బదులుగా మరో రోజు సెలవివ్వాలి. షాపు ముందు ఏం జరుగుతుంది? అమ్మాయిలు గంట ముందే వచ్చి ముగ్గేస్తారు. కుర్రాళ్ళు జెండా కర్రకి తాడు కడతారు. సేటు జెండా ఎగరేసి, త్యాగాల గురించి నాలుగు ముక్కలు చెప్పి, మనిషికో చాక్లెట్ పంచుతాడు. ఆ చాక్లెట్ నోట్లో కరిగేలోపు "ఇగ పదండి, పదండి" అంటాడు. పైన స్వాతంత్ర్య దినోత్సవ డిస్కౌంట్ బ్యానర్ ఊగుతుంటుంది. బెజవాడలో 1921లో గాంధీగారికి జెండా నమూనా చూపించిన పింగళి వెంకయ్య మన నడిగూడెం రాజావారి దగ్గర ఉండి పత్తి మీద పరిశోధనలు చేసినవాడు. పత్తి వెంకయ్య అన్న పేరు అలాగే వచ్చింది. ఆయన ఉన్న ఊరి పిల్లలకి ఆయన జెండా రోజున దక్కేది చాక్లెట్. మరి రెట్టింపు కూలి? "దేశం కోసం ఒక్క రోజు పని చెయ్యలేరా?"

దసరాకి బోనస్ ఉంది. ఇరవై మంది పనిచేసే చోట ఏడాది వేతనం మీద తక్కువలో తక్కువ 8.33 శాతం, అంటే ఇంచుమించు నెల జీతం ఇవ్వాలి. అది మన దగ్గర అరకిలో స్వీటు డబ్బాగా మారుతుంది. పుచ్చుకునేటప్పుడు వంగి దండం పెట్టాలి, ఫోటో స్టేటస్‌లోకి వెళ్తుంది.

మిర్యాలగూడ రైస్ మిల్లుల హమాలీలని చూడండి. బస్తాకింత అని రేటు మాట్లాడుకుంటారు, కుదరకపోతే బస్తా లేవదు. వాళ్ళని ఎవరూ ఇంటి మనుషులనరు. అందుకే వాళ్ళకి బేరమాడే వీలు మిగిలింది. సేల్స్ కౌంటర్లో పొద్దస్తమానం నిలబడే పిల్లకి స్టూలు కావాలని అడిగే ధైర్యం కూడా లేదు. ఈ కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ షాపుల చట్టాలనే మార్చుకున్నాయి.

2025 నవంబర్ 21న 29 పాత చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు వచ్చాయి. ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలన్నారు. "మేం మాట మీద నడిచేటోళ్ళం, మా మధ్య కాయిదాలేంది?" అంటాడు సేటు. జాకెట్టు ముక్క కొన్నా బిల్లు చించి, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముద్రేసి ఇచ్చే మనిషి ఆయనే.

ఇద్దరు పనివాళ్ళతో కిరాణా కొట్టు నెట్టుకొచ్చే వాళ్ళ జోలికి నేను పోవడంలేదు. వాళ్ళ బాధలు వాళ్ళవి. మూడంతస్తుల అద్దాల మేడ కట్టి, మూలమూలా సీసీ కెమెరా పెట్టి, పిల్లలు బాత్రూంకి ఎంతసేపు పోయారో లెక్కగట్టి, జీతం మాట రాగానే "మార్జిన్లు లేవండీ" అని నిట్టూర్చే వాళ్ళ గురించే ఇదంతా.

చివరికి పని మానేసే రోజు వస్తుంది. పది మంది, అంతకు మించి పనిచేసే చోట అయిదేళ్ళు నిండినవాళ్ళకి ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ ఇవ్వాలి. నెల జీతాన్ని 26తో భాగించి రోజు కూలి తీస్తారు. 13,000 జీతంతో పదేళ్ళు చేసిన మనిషికి రోజుకి 500 లెక్కన 75,000 రూపాయలు. సేటు ఆ మనిషిని కుర్చీలో కూర్చోబెడతాడు, ఆ షాపులో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. శాలువా కప్పుతాడు, "నువ్వెల్లిపోతే ఇల్లు బోసిపోయినట్టుంటదమ్మా" అని కళ్ళు తుడుచుకుంటాడు. ఆ శాలువా పోయిన చలికాలం అమ్ముడుపోక మిగిలిన స్టాకులోదని మడత పెట్టిన చేతులు గనక ఆమెకి తెలుసు.