నేను మెడిసిన్ వార్డు కేస్ షీట్‌ని

నన్ను కట్టలు కట్టలుగా అచ్చేసి ఆసుపత్రికి పంపుతారు. పేరు, వయసు, ఊరు, ఐపీ నంబరు పడేదాకా నేను ఎవరి దాన్నీ కాను. చిత్తూరు వైపు గుట్టల కింద పల్లె నుంచి జ్వరంతో వచ్చిన ఒకావిడ పేరు నా మీద రాశారు. అప్పటి నుంచి ఆమె మంచం దగ్గరే నా కాపురం.

హౌస్ సర్జన్ రాసుకుంటూ పోయాడు. వారం దాటిన జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, వాంతులు. బయట చేయించుకున్న వైడాల్ పరీక్ష చీటీని నాకు పిన్ను కొట్టాడు. స్వల్పంగా పాజిటివ్. డయాగ్నసిస్ దగ్గర ‘టైఫాయిడ్?’ అని రాశాడు.

మర్నాటి నోట్స్‌లో ఆ ప్రశ్నార్థకం లేదు. టైఫాయిడ్ అని మాత్రమే ఉంది. దాని కింద ‘సీఎస్‌టీ’, అంటే అవే మందులు కొనసాగించమని. నా మీద తరచూ పడే అక్షరాలివి. మంచానికి ఇద్దరేసి రోగులున్న వార్డులో డాక్టర్లకు ఊపిరి సలపదని నాకు తెలుసు. అయినా ఒక మాట చెప్పాలి. అనుమానంగా రాసింది రెండు రోజులు తిరిగేసరికి ఖాయమైపోతుంది. తర్వాత వచ్చినవాళ్లు రోగిని కాక నన్ను చూసి రాస్తారు. అందులోనూ వైడాల్! టైఫాయిడ్ ఎప్పుడూ ఉండే మన ప్రాంతాల్లో ఒక్కసారి చేసిన వైడాల్ కొద్దిగా పాజిటివ్ వచ్చినంత మాత్రాన తేలేదేమీ ఉండదు. నమ్మదగింది రక్తం కల్చర్.

సిస్టర్లు నా టెంపరేచర్ చార్ట్‌లో నాలుగు గంటలకోసారి చుక్క పెట్టి గీత కలిపేవారు. టైఫాయిడ్‌కని ఇస్తున్న సెఫ్ట్రియాక్సోన్ పడుతున్నా గీత 103 దగ్గరే ఆడుతోంది. నిజానికి టైఫాయిడ్ జ్వరం దిగడానికీ నాలుగైదు రోజులు పడుతుంది కాబట్టి గీత ఒక్కటే సాక్ష్యం కాదు. కానీ ప్లేట్‌లెట్లు పడిపోయాయి, లివర్ ఎంజైములు పెరిగాయి. డెంగీ నెగటివ్, మలేరియా లేదు. ఆపై ఆయాసం మొదలై ఆక్సిజన్ పెట్టారు.

ఆ పొద్దున అసిస్టెంట్ ప్రొఫెసర్ మేడం నన్ను ఆసాంతం చదివి, మూసి పక్కన పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“ఇంటికాడ ఏం పని చేస్తావమ్మా?”

“ఆవులుండాయి మేడం. గుట్ట కింద కసువు కోసుకొస్తా.”

“జ్వరం రాకముందు కూడా పోయినావా?”

“వానలు పడినాక కసువు బాగుండాది గదా. దినామూ పోతావుంటి.”

నా మొదటి పేజీలో వృత్తి దగ్గర ‘గృహిణి’ అని ఉంది. మేడం దాన్ని కొట్టేసి ‘గడ్డి కోత’ అని రాశారు. స్క్రీన్ అడ్డం పెట్టించి, సిస్టర్‌ను పక్కన ఉంచుకుని, టార్చి వేసి చెవుల వెనక, చంకల్లో, రొమ్ముల కింద, గజ్జల్లో వెతికారు. చివరికి లంగా నాడా బిగించే చోట దొరికింది. చుట్టూ ఎర్రటి అంచు, మధ్యలో నల్లగా మాడిన పెచ్చు, సిగరెట్‌తో చురక పెట్టినట్టు.

“నొప్పి లేదు, దురద లేదు మేడం. ఎవురూ అడగలా.”

మేడం నా మీద మనిషి బొమ్మ గీసి, నడుము దగ్గర సున్నా చుట్టి, ‘ఎస్కార్, స్క్రబ్ టైఫస్’ అని రాశారు. పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్ అనే నలుసంత పురుగు కుట్టిన చోటు అది. దాని ద్వారా ఒంట్లోకి వచ్చే ఒరియెన్షియా బ్యాక్టీరియా కణాల లోపల పెరుగుతుంది. సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగదు. రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది కాబట్టే ఊపిరితిత్తులు, కాలేయం అన్నీ ఒకేసారి మొరాయిస్తాయి.

“స్క్రబ్ ఎలీసా పరీక్ష రిపోర్టు వచ్చాక మందు మొదలుపెడదామా మేడం?” అని పీజీ అడిగాడు.

“ఆయాసం వచ్చేసింది నాయనా. రిపోర్టు దాని దారిన అది వస్తుంది.”

డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ నరం ద్వారా రాశారు. తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌లో ఏదో ఒకటి ఇవ్వడం కన్నా రెండూ కలిపి ఇస్తే మేలని, వేలూరు సీఎంసీ డాక్టర్లు ముందుండి మన దేశంలో జరిపిన, 2023లో వెలువడిన అధ్యయనం తేల్చింది. రక్తస్రావం లేదు కాబట్టి ప్లేట్‌లెట్లు ఎక్కించవద్దన్నారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరకుండా సెలైన్ లెక్కగా పెట్టమని, మూత్రం కొలిచి రాయమని చెప్పారు. మందు ఎంత ముఖ్యమో ఈ లెక్కా అంతే ముఖ్యం. నా ఇన్‌టేక్-అవుట్‌పుట్ పేజీ ఒక్క గంట కూడా ఖాళీ లేకుండా నిండింది.

రెండు రోజుల్లో గీత నార్మల్‌కు దిగింది. ఎలీసా పాజిటివ్ అని తర్వాత వచ్చింది. ఆవిడ నడిచి ఇంటికి వెళ్లింది, నేను రికార్డు గదికి.

రివ్యూకు వచ్చినప్పుడు నన్ను మళ్లీ బయటికి తీశారు. ఆమె వెంట కసువుకు వెళ్లే పక్కింటావిడ ఉంది, మూడు రోజుల జ్వరంతో. మేడం మొదట ఆమె చేసే పని అడిగారు, తర్వాత ఒళ్లంతా చూశారు. మోకాలి వెనక అలాంటి మచ్చే కనిపించింది. ఆయాసం లేదు, బీపీ బాగుంది. అడ్మిషన్ అక్కర్లేకుండా ఓపీ చీటీ మీదే రాసిచ్చారు: డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా., పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఏడు రోజులు. ఆయాసం వస్తే వెంటనే రావాలి.