ఆవకాయ సరే, అబ్బాయి సంగతి?

చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేస్తే వీసా ఖాయమని నమ్మకం. స్టాంపు పడ్డాక మొక్కు 108. ఇక తిరుగుడు అయిపోయిందనుకుంటూ డాలస్ బయల్దేరుతుంది కుటుంబం.

మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. శంషాబాద్‌లో కాటా ముందు ఆవకాయ డబ్బా ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి మారి, ఆఖరికి సాగనంపడానికొచ్చిన బామ్మ చేతికే చేరుతుంది.

అసలు తూకం అమెరికాలో ఉంది. ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో ఒక దేశానికి ఏటా వాటా సాధారణంగా 7 శాతమే. ఐస్‌లాండ్‌కూ అంతే, ఇండియాకూ అంతే. సమానత్వమంటే ఇదేనేమో!

క్యూలో నాన్న జుట్టు నెరుస్తుంది. నాలుగేళ్ల వయసులో వెళ్లిన పిల్లాడికి 21 నిండితే నాన్న వీసాపై ఆధారపడిన హెచ్4 వీసా చెల్లదు. అప్పటికీ గ్రీన్‌కార్డు రాకపోతే, అమెరికా యాస తప్ప ఎరగని ఆ కుర్రాడు అక్కడే చదువుకోవడానికి విదేశీ విద్యార్థి వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి.