గ్యాసు మార్పిడి పద్యం – సటీక తాత్పర్యం

మూలం

పాత గ్యాసు పోయె బండిలో చల్లన
రాదు నూనె మార్చి రబ్రు మార్చి
గాలి లాగి కొత్త గ్యాసు కొట్టించిన
నెండలేమి చేయు నింక సారు!

అవతారిక

ఈ ఆటవెలదికి కర్త ఎవరో తెలియదు. విజయవాడ ఆటోనగర్‌లో ఏసీ పని చేసే ఒక మేస్త్రి నోట, రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం ఆశువుగా వెలువడిందని జనశ్రుతి. శ్రోత ఒక కాంటెస్సా యజమాని. కాంటెస్సా అంటే ఎరగని పిల్లల కోసం చెబుతున్నాను: హిందుస్థాన్ మోటార్స్ వారు 1984 నుంచి 2002 దాకా తయారుచేసిన బండి. ముందు పొడుగు, వెనక ఇంకా పొడుగు. సినిమాల్లో విలన్ దిగితే ఇందులోంచే దిగేవాడు. మన శ్రోతది 1991 నాటిది. ఆయన షెడ్డు ముందు దిగి, చెమట తుడుచుకుంటూ, "మేస్త్రీ, గాలి బాగానే వస్తోంది గానీ కూలింగ్ లేదయ్యా. కాస్త గ్యాస్ కొట్టి పంపించు" అన్నాడు. మేస్త్రి బానెట్ ఎత్తి, కంప్రెసర్‌కు గొట్టం బిగించినచోట వేలితో రాసి, వేలికంటిన నల్లటి జిడ్డు చూపించి, ఈ పద్యం చదివాడు.

ప్రతిపదార్థం

పాత గ్యాసు = ఆర్-12 అనెడి వాయువు; పోయె = లీకయ్యెను; బండిలో = కాంటెస్సా యందు; చల్లన రాదు = కూలింగు కలుగదు; నూనె మార్చి = కంప్రెసరులోని ఆయిలు మార్చి; రబ్రు మార్చి = ఓరింగులను, వలసినచో గొట్టములను మార్చి; గాలి లాగి = వాక్యూము పట్టి; కొత్త గ్యాసు కొట్టించినన్ = ఆర్-134ఏ నింపించినచో; ఇంక ఎండలు ఏమి చేయును = మే నెల మాత్రము ఏమి చేయగలదు; సారు = ఓ యజమానీ!

తాత్పర్యం సులభం కనుక విడిగా రాయడం లేదు. బిల్లు మాటను కవి గోప్యంగా ఉంచాడు కనుక దాన్నీ విప్పడం లేదు.

విశేష వ్యాఖ్య

ముందు ఛందస్సు సంగతి. 'గ్యా' ముందున్న తకారం గురువు కావద్దా అని కొందరు పండితులు పేచీ పెడతారు. వాళ్ళ బండ్లకు ఏసీ లేదు. ముందుకు పోదాం.

"పాత గ్యాసు". ఇది సామాన్యమైన గ్యాసు కాదు. 1920ల చివర అమెరికాలో జనరల్ మోటార్స్ వారికోసం థామస్ మిడ్‌గ్లీ బృందం కనిపెట్టింది. అంతకుముందు ఫ్రిజ్‌లలో వాడిన అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లీకైతే మనుషులకే ముప్పు. ఆర్-12 మాత్రం విషం కాదు, అంటుకోదు. 1930లో మిడ్‌గ్లీ రసాయన శాస్త్రజ్ఞుల సభలో ఈ గ్యాసును గుండెలనిండా పీల్చి, దాన్నే ఊది కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. సభ చప్పట్లు కొట్టి ఉంటుంది. పెట్రోల్‌లో సీసం కలిపే పద్ధతీ ఈయన పుణ్యమే. మన దేశంలో సీసం పెట్రోల్ 2000 దాకా అమ్మారు. అంటే 1991 కాంటెస్సా తొలినాళ్ళలో ట్యాంకులో ఒకటి, డ్యాష్‌బోర్డు వెనక ఒకటి, ఒక్క మనిషి చేసిన రెండు నిర్వాకాలనూ ఏకకాలంలో మోస్తూ బందరు రోడ్డు మీద తిరిగిందన్నమాట. ఇంతటి ధ్వని ఈ రెండు పదాల్లో ఉందని కవికి తెలుసో లేదో!

"పోయె". ఎక్కడికి పోయె? వ్యాఖ్యాతలందరూ దాటేసిన ప్రశ్న ఇదే. గ్యాసు పోవుట రెండు విధాలు: తనంతట తాను పోవుట, మేస్త్రి చేత పోగొట్టబడుట. మొదటిది ఓరింగు ఎండిపోయి, ఏళ్ళ తరబడి, చప్పుడు లేకుండా జరుగుతుంది. రెండోది నట్టు వదులు చేయగానే "తుస్"మని అర నిమిషంలో జరుగుతుంది. ఏ దారిన పోయినా చేరేచోటు ఒకటే. ఆర్-12 గాల్లో సుమారు వందేళ్ళు చెక్కుచెదరక ఉండి, నెమ్మదిగా పైకెక్కి, అక్కడి ఎండకు విరిగి క్లోరిన్‌ను వదులుతుంది. ఒక్కొక్క క్లోరిన్ పరమాణువు వేలకొద్దీ ఓజోన్ అణువులను మింగుతుంది. ఈ సంగతి 1974లో మొలీనా, రోలాండ్ అనే రసాయన శాస్త్రజ్ఞులు చెబితే పరిశ్రమ వారు నవ్వారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొరకు పడిన చిల్లి బయటపడేసరికి నవ్వు ఆగింది. 1987లో ఇలాంటి గ్యాసులను మానిపించే మాంట్రియల్ ఒప్పందం, 1995లో వాళ్ళిద్దరికీ క్రుట్‌జెన్‌తో కలిపి నోబెల్. మన దేశం 1992లో ఒప్పందంలో చేరి, 2008 ఆగస్టులో ఈ గ్యాసుల తయారీ ఆపేసింది. ఉబ్బసం వాళ్ళు పీల్చే పంపుల కోసం మాత్రం కొంతకాలం మినహాయింపు ఇచ్చారు. కనుక "పోయె" అనే క్రియకు బండిలోంచి పోవడం ఒక అర్థం, బజారులోంచి పోవడం రెండో అర్థం. శ్లేష.

మిగిలి ఉన్న కాస్త పాత గ్యాసును రికవరీ మిషన్‌తో సిలిండర్లోకి లాగి పెట్టాలి. "ఉన్నది గుప్పెడు, దానికి మిషనెందుకు సార్" అనే మేస్త్రికి నేను చెప్పేది ఇదే: ఆ గుప్పెడు, కిలోకు కిలో లెక్కన, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు గ్యాసుకు సుమారు 10,900 రెట్లు. ఈ రకం గ్యాసులు భూమిని కూడా వేడెక్కిస్తాయని 1975లోనే తేల్చినవాడు మన దేశం నుంచి వెళ్ళిన వీరభద్రన్ రామనాథన్.

ఇక అసలు చిక్కు రెండో పాదంలో ఉంది. "చల్లన రాదు" దగ్గర వాక్యం ఆగాలి. ఆపకుండా ఒక్క ఊపులో చదివేసి, "నూనె మార్చినా, రబ్బరు మార్చినా చల్లన రాదు, కనుక అవి వదిలేసి తిన్నగా గ్యాసు కొట్టెయ్" అని అన్వయించుకున్నవారు ఆటోనగర్‌లో తక్కువేం లేరు. ఇది దురన్వయం. ఈ ఒక్క దురన్వయం తిన్న కంప్రెసర్లను పోగేస్తే గుట్టవుతుంది. పాత గ్యాసు స్థానంలో కొత్తది నింపితే ఆ సాయంత్రానికి చల్లగానే ఉంటుంది. యజమాని సంతోషంగా డబ్బిచ్చి వెళ్తాడు. కంప్రెసర్ అరవడం మొదలయ్యేది ఆ తర్వాత.

ఎందుకో చెబుతాను. కంప్రెసర్లో పోసిన నూనె అక్కడే ఉండిపోదు. గ్యాసుతో కలిసి కండెన్సర్, డ్రైయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, కూలింగ్ కాయిల్ అన్నీ చుట్టి మళ్ళీ కంప్రెసర్‌కు రావాలి. అలా వస్తేనే దాని లోపలి భాగాలకు తడి. ఆర్-12తో పాటు వాడింది మినరల్ ఆయిల్. ఆ రెండూ చక్కగా కలుస్తాయి. 134ఏ, మినరల్ ఆయిల్ మాత్రం ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోని తోడికోడళ్ళు. గ్యాసు తన దారిన తిరుగుతుంది, నూనె కూలింగ్ కాయిల్ అడుగున చతికిలబడుతుంది, కంప్రెసర్ ఎండిపోయి పట్టేస్తుంది. కాబట్టి కంప్రెసర్ విప్పి, తలకిందులుగా పట్టుకుని, షాఫ్టు చేత్తో తిప్పుతూ పాత నూనె మొత్తం కొలత గ్లాసులోకి వంచాలి. ఎంత వచ్చిందో చూడాలి. రంగు తేనెలా ఉంటే అదృష్టం; నల్లగా ఉండి, వేళ్ళ మధ్య రుద్దితే వెండిపొడి మెరిస్తే కొత్త గ్యాసు కంటే ముందు కొత్త కంప్రెసర్ గురించి మాట్లాడుకోవాలి.

ఏ నూనె పోయాలన్న విషయంలో రెండు మతాలున్నాయి. కొత్త కార్లలో వాడే పీఏజీ నూనే శ్రేష్ఠమని ఒక మతం, ఎస్టర్ నూనె అని రెండోది. ఎంత వంచినా పాత నూనె కొంత, పాత గ్యాసు తాలూకు క్లోరిన్ కొంత లోపల మిగిలే ఉంటాయి. వాటిని పీఏజీ సహించదు, ఎస్టర్ సర్దుకుపోతుంది. పాత బండి విషయంలో నేను ఎస్టర్ మతస్థుణ్ణి. పైగా ఈ నూనెలు తేమను పీలుస్తాయి. పీఏజీ మరీ ఎక్కువ. నూనె డబ్బా మూత తీసి బల్లమీద పెట్టి టీకి వెళ్ళే కుర్రాడు కృష్ణ ఒడ్డు గాల్లోని తేమనంతా దాన్లోకి పిలుస్తున్నట్టే.

"రబ్రు". 134ఏ అణువు పాతదాని కంటే చిన్నది. పాత రబ్బరు గొట్టాల గోడల్లోంచి మెల్లగా జారుకుంటుంది. గొట్టాలు అవసరమైతేనే మార్చినా, ఓరింగులు మాత్రం తప్పకుండా మార్చి హెచ్ఎన్‌బీఆర్ రకం వేయాలి. బజారులో ఆకుపచ్చగా దొరికేవి చాలావరకు ఇవే.

"గాలి లాగి". ఇందుకు చాలా షెడ్లలో వాడేది పాత ఫ్రిజ్ కంప్రెసర్. లాగుతుంది గానీ పూర్తిగా లాగదు. అసలు వాక్యూమ్ పంపుతో, తక్కువ ఒత్తిడి చూపే నీలం గేజ్ ముల్లు సున్నా దిగి 29 అంగుళాల దాకా పోవాలి, అరగంటైనా అలాగే నడవాలి. ఒత్తిడి అంత తగ్గితే లోపలి నీటిచుక్క మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికి వస్తుంది. రాకపోతే వాల్వ్ మొనలో మంచుగా గడ్డకడుతుంది, గ్యాసుతోనూ నూనెతోనూ కలిసి యాసిడ్ అవుతుంది. పంపు ఆపాక వాల్వులు మూసి ముల్లునే చూస్తూ కూర్చోవాలి. ముల్లు కదిలిందా, ఎక్కడో లీకుంది. ఈ కూర్చోవడానికి ఎవరూ డబ్బివ్వరు కనుక ఎవరూ కూర్చోరు.

పూర్వపక్షం: "పద్యంలో 'కొత్త గ్యాసు' అని ఉందే గానీ 134 అని లేదే! వంటగ్యాసు కూడా చల్లబరుస్తుంది, పాత నూనెతో కలుస్తుంది, చవక." నిజమే, చల్లబరుస్తుంది. కానీ కూలింగ్ కాయిల్ ఉండేది బండి లోపల, కూర్చున్నవాళ్ళ మోకాళ్ళ ముందు. అద్దాలు మూసిన బండిలో అది లీకయ్యాక ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ పాఠం అపపాఠం.

ఆ మాటకొస్తే "కొత్త" అన్న విశేషణమూ ఇప్పుడు పరిహాసమే. ఓజోన్‌కు హాని లేదన్న పేరుతో 1990లలో వచ్చిన 134ఏ భూమిని వేడెక్కించడంలో 1,430 రెట్లు. 2016లో మాంట్రియల్ ఒప్పందానికి చేసిన కిగాలి సవరణలో దాని వర్గాన్నీ తగ్గించాలన్నారు. మన దేశం 2028లో పరిమితి విధించుకోవాలి. ఐరోపాలో 2017 నుంచి కొత్త కార్లలో దీనికి చోటు లేదు.

"కొట్టించినన్". ఎంత? పాతకాలపు మేస్త్రులు డ్రైయర్ మీది అద్దంలో బుడగలు ఆగేదాకా కొట్టేవారు. 134ఏని అలా కొడితే తప్పకుండా ఎక్కువవుతుంది. పాత గ్యాసు కిలో పట్టే బండికి 800 నుంచి 900 గ్రాములు, కాటా మీద తూచి.

అధ్యాహారం. కవి చెప్పకుండా వదిలినవీ, మనం తెచ్చుకోవలసినవీ రెండున్నాయి. ఒకటి డ్రైయర్. లోపలి తేమపీల్చు గుళికలు పాతవి 134ఏకి పనికిరావు. కొత్త డ్రైయర్ వేయాల్సిందే. అది పద్యంలో ఛందస్సుకు పట్టకపోయి ఉండొచ్చు. రెండోది కండెన్సర్. దీన్ని వదిలేయడం క్షమించరానిది. ఎందుకంటే నాలుగో పాదం మొత్తం దానిమీదే నిలబడింది.

సుమారు 18 డిగ్రీల దగ్గర రెండు గ్యాసుల ఒత్తిడీ ఒకటే. అంతకు కింద కొత్తది తక్కువ, పైన కొత్తది ఎక్కువ. 60 డిగ్రీల దగ్గర పాతది 205 పీఎస్ఐ ఉంటే కొత్తది 230. మే నెలలో బయట 44 డిగ్రీలున్నప్పుడు కండెన్సర్‌లో గ్యాసు ద్రవం కావాలంటే 60 దాటక తప్పదు. హైవే మీద పరుగెత్తే బండికి ఎదురుగాలి సాయం ఉంటుంది. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఏ సాయమూ లేదు. ఎక్కువ ఒత్తిడి చూపే ఎర్ర గేజ్ ముల్లు పైకెక్కుతుంది, ఇంజన్ ఊపిరి బిగబడుతుంది, గ్రిల్లులోంచి వచ్చేది గోరువెచ్చని గాలి. పాత కండెన్సర్ వంకర గొట్టాలకు రేకులు తొడిగిన రకం. దానిచోట ప్యారలల్ ఫ్లో రకం వేసి, ముందు ఒక ఎలక్ట్రిక్ ఫ్యాన్, ఒత్తిడి మితిమీరితే కంప్రెసర్ క్లచ్ వదిలేసే కటాఫ్ స్విచ్ పెడితే తప్ప నాలుగో పాదం అతిశయోక్తి అలంకారమే. పెడితే స్వభావోక్తి.

ఆశ్వాసాంత గద్య

కావ్యం ముగిశాక కవి తన పేరూ ఊరూ చెప్పుకున్నట్టు, పని ముగిశాక బానెట్ కింద ఒక చీటీ అంటించాలి. అమెరికాలో ఇది తప్పనిసరి, 134ఏ చీటీకి రంగు కూడా ఖాయం: లేత నీలం. ఇక్కడ అడిగేవాడు లేడు. సర్వీసు మూతులు కూడా కొత్త కొలతవి, చల్లవైపు 13 మిల్లీమీటర్లు, వేడివైపు 16, బిగించాలి. మరోచోట మరో మేస్త్రి పొరపాటున ఇంకో గ్యాసు కలపకుండా. మన కాంటెస్సాకు అంటించిన చీటీ పాఠం ఇది:

ఇది శ్రీమదాటోనగర వాస్తవ్య నామగోపన మేస్త్రి విరచితంబైన గ్యాసు మార్పిడియందు ఆర్-134ఏ 850 గ్రాములు, ఎస్టర్ నూనె పాతది వచ్చినంత, డ్రైయరు కొత్తది, కండెన్సరు పాతది, ఓనరు వద్దన్నాడు.