‘రెండు నిట్టు, రెండు పర్లు’ సూత్రమునకు టీకాతాత్పర్యములు

అవతారిక: స్వెటరును బోర్డరుతో మొదలుపెట్టుట అల్లికదారుల ఆచారము. నాలుగుతో భాగింపబడునన్ని కుట్లు ఎక్కించి, పదో నంబరు సూదులు చేతబట్టి, ‘ఇక నేమి చేయుదును?’ అని నిలిచిన ఇల్లాలికి డిజైను కాగితము ఇట్లు ఉపదేశించుచున్నది.

మూలము: రెండు నిట్టు, రెండు పర్లు, వరుస చివరిదాకా ఇంతే.

ప్రతిపదార్థము: రెండు = సీరియలు ఎంత పట్టుమీదనున్నను మూడు కాక, రెండే; నిట్టు = ఊలును వెనక నుంచి, కుడిసూదిని కుట్టులో ముందునుండి వెనకకు దూర్చి, ఊలు చుట్టి, ఆ ఉచ్చును ఇవతలికి లాగి, పాత కుట్టును ఎడమసూది మీదినుండి జారవిడుచుట; పర్లు = ఊలును ముందుకు తెచ్చుకొని, సూదిని వెనకనుండి దూర్చి, ఉచ్చును అవతలికి తీయుట; వరుస చివరిదాకా = ఎడమసూది ఖాళీయగువరకు; ఇంతే = ఇంకేమియు లేదు.

విశేషములు: (1) నిట్టు నున్నగాను, పర్లు బుడిపెగాను కనబడును. బట్టను తిప్పి చూడగా నిట్టే పర్లు, పర్లే నిట్టు. ఉన్నది ఒకటే ఉచ్చు. భేదమంతయు చూచువారు కూర్చున్న వైపునుబట్టి. ఇచ్చట అద్వైతులు పొంగిపోదురు. కాని ఒకవైపు అంతయు నిట్టే అయినచో బట్ట అంచులు చుట్టుకొనిపోవును. నిట్టుచాళ్లు పొంగి, పర్లుచాళ్లు అణగినప్పుడే బోర్డరు సాగి, ముడుచుకొని, మణికట్టును పట్టును. కావున ద్వైతులకును నష్టము లేదు.

(2) పదో నంబరు: ఎనిమిదో నంబరు సూది మందము 4 మిల్లీమీటర్లు, పదో నంబరుది 3.25. పాత బ్రిటిషు కొలతలో నంబరు పెరిగినకొలది సూది సన్నబడును. పదవి పెరిగినవారి విషయమున ఈ నియమము చెల్లదు.

(3) నాలుగుతో భాగింపబడుట: అట్లయిన ప్రతి వరుసయు రెండు పర్లుతో ముగియును. తిప్పి పట్టుకొనగా అవే రెండు నిట్లై ఎదురువచ్చును. కావున తిరుగు వరుసకు వేరొక సూత్రము అక్కరలేదు.

శంక: ఈ శ్రమకు ఫలము స్వెటరే గదా?

సమాధానము: కాదు. విజయవాడ పుష్యమాసపు చలికి కొంగు కప్పుకొన్న చాలును. అమెరికాలోని మనుమనికి పంపుదమన్న, ఆఖరి బొత్తాము కుట్టుసరికి వాడు ఒక సైజు ఎదిగి కూర్చుండును. అయినను ఊలు కొనువారు కొనుచునే యున్నారు. కావున ఫలము వరుసయందే కలదని సిద్ధాంతము.

శంక: చేసినదే చేయుట విసుగు గదా?

సమాధానము: ఇచ్చటనే సూత్రకారుని నేర్పు చూడవలెను. లెక్క రెండు దాటదు గనుక మనస్సునకు బరువు లేదు. లెక్క తప్పరాదు గనుక ఆ మనస్సు కరెంటు బిల్లు దాక పోయియు అచ్చట కాపురము పెట్టజాలదు. పొరుగింటి పిన్నిగారు కోడలి సంగతి చెప్పుచుండగా ఇల్లాలు వేళకు ‘ఊఁ’ కొట్టుచుండును. వేళ్లు తమ రెండును లెక్కించుకొనుచుండును. పిన్నిగారికిని తృప్తియే.

శంక: లెక్క తప్పినచో?

సమాధానము: సూది తీసి ఊలు లాగుటయే. దర్జీ కత్తెర పడిన గుడ్డ మరల తాను కాదు. అల్లిక మాత్రము వరుస వెంట వరుస ఊడి, మొదటి ఊలే చేతికి వచ్చును. వంకరలు తిరిగియుండినను మరుగునీటి ఆవిరికి పట్టగా సాపగును. ఆరు అంగుళములు అల్లినదానిని నవ్వుచు విప్పగలిగినవారే ఈ శాస్త్రమున అధికారులు.

శంక: చేతులు ఒకే పనిని మరల మరల చేయుటయే సుఖమన్నచో, నరసాపురం లేసునందు అతివ్యాప్తి రాదా?

సమాధానము: వచ్చును. ఆ ప్రాంతపు స్త్రీలు ఒక్క కొక్కెపుసూదితో అల్లు నూలు లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. వారి చేతులును ఆడినట్లే ఆడును. కాని ముక్కకింత అను కూలి లెక్క ప్రతి ఉచ్చునకును తగులుకొనియుండును. వారి శ్రమపై మరియా మీస్ అను జర్మను సామాజికశాస్త్రవేత్త 1982లో పుస్తకమే వెలువరించినది. అందుచేత లక్షణమునకు ‘కూలియు గడువును లేని’ అను విశేషణము చేర్చి చదువుకొనవలెను. చేర్చనివారు లేసు తెరను చూచి ‘ఎంత హాయి పనియో!’ అందురు.

తాత్పర్యము: రెండు ఇటు, రెండు అటు అల్లవలెను. వరుస అయినపిమ్మట తిప్పి మరల అల్లవలెను. స్వెటరు అయిన అగును.