గోత్రం చెప్పి దూకండి

స్కూబా డైవింగ్‌లో మొట్టమొదటి నియమం: ఊపిరి బిగబట్టకూడదు. నీళ్లలో ఉన్నంతసేపూ డైవర్లు ఈ నియమాన్ని బుద్ధిగా పాటిస్తారు. పడవ ఎక్కాక నోరు కూడా బిగబట్టరు.

కొత్తగా కలిసిన ఇద్దరు డైవర్లు సముద్రం ఎలా ఉందని అడగరు. ‘మీది ఏ ఏజెన్సీ?’ అంటూ, డైవింగ్ నేర్పి కార్డు ఇచ్చిన సంస్థ పేరు అడుగుతారు, పెళ్లిచూపుల్లో గోత్రం అడిగినట్టు. ఒకాయనది ప్యాడీ. 1966లో జాన్ క్రోనిన్, రాల్ఫ్ ఎరిక్సన్ అనే ఇద్దరు అమెరికన్లు మూలపురుషులుగా వెలసిన గోత్రం. సంతానం లోకమంతా ఉంది. రెండో ఆయనది నౌయీ. మూడో ఆయనది ఎస్‌ఎస్‌ఐ. బ్రిటిష్ వారి బీఎస్‌ఏసీ 1953 నాటిది కాబట్టి పెద్దరికం తమదేనని వాళ్ల పట్టు. నలుగురూ పీల్చేది ఒకే గాలి, మోసేది ఒకే రకం సిలిండరు. అయినా సరే, ఒకరు నేర్పిన శిష్యుణ్ణి చూస్తే ఇంకొకరికి జాలేస్తుంది.

మొదటి తగువు చదువు గురించి. ఇప్పటి ప్రాథమిక కోర్సు మూడు నాలుగు రోజుల్లో ముగుస్తుంది. సముద్రంలో నాలుగు డైవ్‌లు చేయిస్తారు, 18 మీటర్ల లోతు వరకు వెళ్లొచ్చని కార్డు చేతిలో పెడతారు. ‘ఇదీ ఒక చదువేనా!’ అంటారు పాతకాపులు. వాళ్ల రోజుల్లో గురువుగారు కొలనులో వెనక నుంచి వచ్చి మాస్క్ లాగేసేవారు, గాలి కట్టేసేవారు. బతికి పైకొస్తే పాస్. ‘మా దగ్గరికి సెలవులు గడపడానికి వస్తున్నారండీ, యుద్ధానికి కాదు’ అని కొత్తవాళ్ల జవాబు.

రెండో తగువు మోకాళ్లది. విద్యార్థుల్ని కొలను అడుగున వరసగా మోకాళ్ల మీద కూర్చోబెట్టి పాఠం చెప్పడం పాత పద్ధతి. పైకి తేలకుండా, అడుక్కి దిగకుండా నీటి మధ్యలో నిలిపి నేర్పాలన్నది కొత్త పద్ధతి. నిజం చెప్పాలంటే డైవర్ల తగువుల్లో అంతో ఇంతో సరుకున్నది ఇదే. కొలనులో మోకాళ్లూనడం అలవాటైనవాడు సముద్రంలోనూ మోకాళ్లూనడానికి చోటు వెతుక్కుంటాడు. అక్కడ దొరికేది పగడపు దిబ్బ. సరుకున్న తగువు కదా, దీని మీద ఎవరూ ఎక్కువసేపు నిలవరు. ఐదు నిమిషాల్లో కాళ్లకు తొడిగే ఫిన్స్ మీదికి జారుకుంటారు.

సామాను దగ్గర మాత్రం రాజీ లేదు. నీటిలో తేలికను అదుపుచేసే బీసీడీ జాకెట్టా, లేక స్టీలు ప్లేటు, పట్టీలు, వీపున గాలి నింపే వింగా? ఫిన్స్ చీలినవా, చీలనివా? స్నార్కెల్ మాస్క్‌కు తగిలించుకున్నవాడు మనిషేనా? ఈ మడి ఆచారం ఫ్లోరిడా నీటి గుహల్లో పుట్టింది. 1990ల్లో జార్జ్ ఇర్విన్ బృందం కిలోమీటర్ల పొడవున్న గుహల్లోకి వెళ్లేది. ఇరుకు దారిలో ఒకరి వెనక ఒకరు ఈదాలి కాబట్టి, వెనకవాడికి గాలి అందేలా ఏడడుగుల గాలి గొట్టం (హోస్) వాడేవారు. అందరి సామానూ ఒకేలా ఉండాలనేవారు. ఆ పద్ధతికి రానివాళ్లకు ‘స్ట్రోక్’ అని తిట్టుపేరు కూడా పెట్టారు. గుహలో ఆ హోస్ ప్రాణం నిలబెడుతుంది, కాదనను. కానీ అండమాన్‌లోని హావ్‌లాక్‌లో పది మీటర్ల లోతున క్లౌన్ చేపను చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి అదే హోస్ మెడ చుట్టూ తిప్పుకుని, పక్కవాడి పసుపు రంగు ఆక్టోపస్‌ను, అంటే గాలి పంచుకోవడానికి ఉంచుకునే అదనపు మౌత్‌పీస్‌ను, అంటుముట్టు వస్తువులా చూస్తాడు. చేప ఇద్దరినీ ఒకేలా చూస్తుంది.

ఈ ఆచారాలు ఎన్నాళ్లుంటాయో నైట్రాక్స్‌ను అడగాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. నైట్రాక్స్ కోసం దాన్ని 32 శాతం చేస్తే శరీరంలోకి చేరే నైట్రోజన్ తగ్గుతుంది, నీటి కింద ఇంకాసేపు ఉండొచ్చు. లోతు మాత్రం సుమారు 33 మీటర్లు దాటకూడదు. 1990ల మొదట్లో ఇది దయ్యం గ్యాస్. 1992 నాటి అమెరికా డైవింగ్ పరిశ్రమ ప్రదర్శనలో దీన్ని నేర్పేవాళ్లను గుమ్మం తొక్కనివ్వకూడదని కూడా చూశారు. ఆ దశాబ్దం ముగిసేలోగా పెద్ద గోత్రాలన్నీ నైట్రాక్స్ కోర్సు పెట్టాయి. పాపం కాస్తా ఫీజుతో కూడిన పుణ్యమైంది.

ఇంతకీ డైవర్లు దేనివల్ల చనిపోతున్నారు? డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ పరిశోధకులు 1992 నుంచి 2003 వరకు జరిగిన 947 మరణాలను పరిశీలించి 2008లో వివరాలు ప్రకటించారు. ప్రమాదం ఎక్కడ మొదలైందో తేలిన కేసుల్లో 41 శాతం గాలి చాలక మొదలైనవి. సామాను ఇబ్బందితో మొదలైనవి 15 శాతం. అంటే సిలిండర్లో ఎంత మిగిలిందో చెప్పే గేజ్‌ను వేళకు చూసుకోవడమే అసలు విద్య. కానీ గేజ్ చూడటంలో గొప్ప ఏముంది? దానికి గోత్రం లేదు, గురువు లేడు, ఎదుటివాణ్ణి తీసిపారేసే వీలూ లేదు. అందుకే పడవ మీద దాని ఊసే రాదు.

రుషికొండకో, అండమాన్‌కో మొదటిసారి డైవింగ్‌కు వెళ్లే పాఠకులకు ఒక మాట. ఏజెన్సీ పేరు తర్వాత అడగండి. ఒక్క ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమందిని అప్పజెబుతారో ముందు అడగండి. భయమేస్తే ఆగుతారా, లాక్కెళతారా అని అడగండి. నీళ్లలోకి దిగాక గేజ్ చూస్తూ ఉండండి. ఫిన్స్ సంగతి ఒడ్డున తేల్చుకోవచ్చు. తేల్చుకోవాలంటే ముందు ఒడ్డుకు రావాలి.